యారాలి పాలకు అర్ధరూపాయి ఎక్కువ

గుడిమల్కాపూర్‌లో మేముండే అపార్ట్‌మెంటుకు వారం రోజులుగా పొద్దున్నే ఒక పాలబండి వస్తోంది. గాజు సీసాల్లో పాలు తెచ్చి, రుచి చూడమని ఇంటింటి గుమ్మం ముందూ ఒక్కోటి పెట్టి పోతోంది. సీసా మెడకు కట్టిన అట్టముక్క మీద ఇవి ఆర్గానిక్ పాలని, మందులు చల్లని గడ్డి మేసిన బర్రెలవని రాసి ఉంటుంది. ధర మాత్రం ప్యాకెట్ పాలకు రెండింతల పైమాటే. అంత పెట్టి కొనడం దండగా, లేక నిజంగానే అంత విలువుందా అని మా అంతస్తు ఆడవాళ్లంతా తర్జనభర్జన పడి, చివరికి ఆ తీర్పు తెచ్చి నా నెత్తిన పెట్టారు. గౌలిపుర పాలవాళ్ల ఇంటికి కోడలిగా వెళ్లి ఏళ్ల తరబడి బర్రెల పొదుగుల దగ్గర కూర్చున్నదాన్ని కదా, నాలుక మీద చుక్క పడితే చాలు సంగతి తేల్చేస్తానని వాళ్ల నమ్మకం.

వాళ్లకు తెలియనిదీ, మా కోడలికి తెలిసినదీ ఒకటుంది. ఆ బండి మా యారాలి చిన్నకొడుకుది. యారాలంటే తోడికోడలు, మా ఆయన అన్న భార్య. చుట్టరికం బయటపడితే అత్తమ్మ తన వాళ్లని పొగుడుతోంది అనుకుంటారేమోనని మా కోడలు ఆ మాట ఎవరితోనూ అనలేదట. నేను మా యారాలిని పొగడటమా అని లోపల్లోపలే నవ్వుకున్నాను. అట్టముక్క మీద ఆ చిన్నకొడుకు పేరు చూసిన మొదటి రోజు నాకు గుక్కెడు పాలు గొంతు దిగలేదు. మర్నాడు కోడలు అడిగితే, కొంచెం పల్చగా ఉన్నట్టున్నాయి అని ముఖం తిప్పుకున్నాను. డెబ్బై ఏళ్ల మనిషికి ఇంకా ఈ ఓర్వలేనితనం ఏమిటని చిన్నవాళ్లు నవ్వుకుంటారేమో గాని, నా ఈడువాళ్లు నవ్వరు. మోకాళ్లు అరిగినంత తేలిగ్గా ఇది అరగదని వాళ్లకూ తెలుసు.

నేను పెళ్లయి గౌలిపురకు వచ్చేసరికి ఆమె వచ్చి నాలుగేళ్లయింది. పుట్టిల్లు ధూల్‌పేట్. వినాయకుల విగ్రహాలు చేసే ఇళ్ల మధ్య పెరిగింది కాబట్టి ఉర్దూ, హిందీ రెండూ ఆమెకు మంచినీళ్లప్రాయం. నాదేమో ఎక్కడో పాలమూరు దిక్కు పల్లె, రెండు ముక్కలు తురకం మాట్లాడమంటే చెమటలు పట్టేవి. మా అత్త బతికి ఉన్నన్నాళ్లూ ఆరు బర్రెలూ ఒకే కొట్టంలో ఉండేవి, ఇద్దరం చెరోవైపు కూర్చుని పిండేవాళ్లం. ఆవిడ పెట్టిన కట్టుబాటు ఒక్కటే, నాలుగు చన్నుల్లో ఒకటి దూడది. దాని మీద మనిషి చెయ్యి పడకూడదు. అత్త పోయిన ఏడాదికి అన్నదమ్ములు వేరుపడి బర్రెలు మూడు మూడుగా పంచుకున్నారు, కొట్టానికి మధ్యలో వెదురు తడక వచ్చింది. వాకిలి మాత్రం ఒక్కటే, బావి ఒక్కటే, మూసీ ఒడ్డు నుంచి గడ్డిమోపులు తెచ్చే బండీ ఒక్కటే. ఒకే గడ్డి తిని ఒకే నీళ్లు తాగే బర్రెలే అయినా, తడక అవతలి పాలకు జనం లీటరుకు అర్ధరూపాయి ఎక్కువిచ్చి తీసుకుపోయేవాళ్లు.

ఆ అర్ధరూపాయి నన్ను కాల్చుకు తిన్నది. అందులో ఏమున్నదో కనిపెట్టాలని నేను పడ్డ పాట్లు తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది. మొదట ఆమె తెల్లటి ముఖం చూసి ఇస్తున్నారనుకున్నాను. ఆ తర్వాత, చింతపండుతో తోమి తళతళలాడించే ఆమె ఇత్తడి చెంబుకు ఇస్తున్నారనుకుని నేనూ ఒక ఇత్తడి చెంబు కొనిపించి చేతులు పుండ్లయ్యేదాకా తోమాను. పిండబోయే ముందు ఖాళీ చెంబును గిరాకీల ఎదుట బోర్లించి, చుక్క నీరు లేదని చూపించడం మా పాలవాళ్ల అలవాటు. ఆమె బోర్లించి అడుగున వేళ్లతో టకటకా రెండు దెబ్బలు వేసేది. నేనూ వేశాను. ఆమె మాట్లాడే తీరు పట్టుకోవాలని తడక వెనక నిలబడి ఉర్దూ ముక్కలు వల్లించాను కూడా. అయినా పొద్దున్నే గిన్నెలు పట్టుకొచ్చినవాళ్లు ముందు అటే వెళ్లేవాళ్లు, అక్కడ పాలు అయిపోతే మిగిలినవాళ్లు నా దగ్గరికి వచ్చేవాళ్లు. మిగిలినవాళ్లకు పోయడంలో ఉండే అవమానం వ్యాపారం చేసినవాళ్లకే అర్థమవుతుంది.

ఇవన్నీ చేయకముందే, వేరుపడిన మొదటి వారంలోనే, ఉన్న మూడు బర్రెలతోనే పాలు ఎక్కువ తీద్దామని నాకు బుద్ధి పుట్టింది. అత్త లేదు కదా, అడిగేవాళ్లెవరని నాలుగో చన్ను కూడా పిండటం మొదలుపెట్టాను. తర్వాతి వానాకాలంలో నా మంచి బర్రె దూడ చిక్కి శల్యమై ఒక తెల్లవారుజామున లేవలేదు. దూడ కళ్ల ముందు లేకపోతే బర్రె చేపదు, అంటే పాలు పొదుగులోకి వదలదు. చచ్చిన దూడ తోలులో గడ్డి కుక్కి ముందు నిలబెడితే అది ఒక్కసారి వాసన చూసి ముఖం పక్కకు తిప్పుకుంది. అప్పుడే గడ్డి అమ్మేచోట ఎవరో చెబితే బర్రెను చేపించే సూదిమందు తెప్పించాను. మా ఆయనకు కూడా తెలియకుండా, నా చేతులతో నేనే వేశాను. వేసిన కాసేపటికే పాలు ధారగా వచ్చాయి. ఆ బర్రె అంతసేపూ వణుకుతూ నిలబడింది, నేను దాని ముఖం వైపు చూడకుండా పిండుకుంటూ పోయాను.

మా గిరాకీలలో పెద్దదిక్కు ఒక ఖాలా, అంటే పిన్నమ్మ, గల్లీలో అందరూ ఆవిడను అలాగే పిలిచేవాళ్లు. పక్క గల్లీలో పెద్ద కుటుంబం వాళ్లది. బురఖా వేసుకుని తనే గిన్నె పట్టుకొచ్చి, పిండుతున్నంతసేపూ పక్కన నిలబడి చూసేది. ఆవిడ ఎక్కడ పాలు తీసుకుంటే గల్లీ మొత్తం అక్కడే తీసుకునేది. ఆ రోజుల్లో ఆవిడ కోడలికి ఆడపిల్ల పుట్టింది, తల్లికి పాలు పడలేదు. ఒక పొద్దున ఖాలా వచ్చి, పసిదాని కోసం ఒక బర్రె పాలు విడిగా పెట్టాలని, ఎంతైనా ఇస్తానని మా యారాలిని బతిమాలింది. నేను తడక ఇవతల, తోమిన చెంబు పట్టుకుని నిలబడి ఉన్నాను. ఖాలా నా వైపు తల కూడా తిప్పలేదు. నిండు బజారులో ఎవరో నా కొంగు పట్టి లాగినట్టయింది.

ఆ సాయంత్రం ఖాలా వాళ్ల గుమ్మంలోకి వెళ్లాను. అన్ని రోజులు వల్లించిన ఉర్దూ ఆ పూట మాత్రం తడబాటు లేకుండా వచ్చింది.

"ఖాలా, హమారే బాజూ భైంస్‌ కు సూయీ మార్తే. బచ్చీ కు మత్ పిలావ్," అన్నాను.

మా పక్కన బర్రెకు సూది వేస్తారు, బిడ్డకు తాగించకు అని. నేను చేసిన పనిని తీసుకెళ్లి ఆమె మీద వేసి, ఏమీ ఎరగనట్టు ఇంటికొచ్చి వంట చేసుకున్నాను.

మర్నాడు చెంబు మరింత తోమి, కొట్టం ఊడ్చి ఎదురుచూశాను. ఖాలా వచ్చింది. వాకిట్లో నిలబడి అటు చూసింది, ఇటు చూసింది. తర్వాత నాతోనే అంది, "ఆంగన్ తో ఏకిచ్ హై నా బేటీ." వాకిలి ఒక్కటే కదమ్మా అని. ఖాళీ గిన్నెతోనే వెనక్కి పోయింది. ఇద్దరి బర్రెలూ కట్టేది ఒకే కొట్టంలో అయినప్పుడు ఒకరి మీద వేసిన మచ్చ రెండోవాళ్లకు అంటదని నేనెలా అనుకున్నానో ఈనాటికీ తెలియదు. పది రోజులు తిరిగేసరికి గల్లీ గల్లీయే ప్యాకెట్ పాలకు మళ్లింది. తడకకు అటూ ఇటూ పాలు మిగిలిపోయి పెరుగయ్యాయి, పెరుగు పుల్లబడింది. నా మూడు బర్రెలూ అమ్ముడుపోయాయి, మా ఆయన వాచ్‌మన్ పనికి కుదిరాడు. యారాలు రెండు అమ్మి, ఒక బర్రెను, దాని దూడను మాత్రం పట్టుకుని ఊరవతల తన తమ్ముడి చెలకలోకి వెళ్లిపోయింది. ఆ ఒక్క బర్రె సంతానమే ఇవాళ్టి ఆ పాలబండి. వెళ్లగొట్టింది నేను, బాగుపడింది ఆమె.

ఇన్నేళ్లలో ఆమె నన్ను ఒక్క మాట అనలేదు, తెలియదు కాబట్టే అనలేదనుకున్నాను. పోయిన బోనాలకు పాత గల్లీలో కలిశాం. వెళ్లి ఆమె పక్కన కూర్చున్నాను. ముసలితనంలో మనసు మెత్తబడుతుందంటారు, నాకూ ఎందుకో చెప్పుకోవాలనిపించి, ఆ రోజుల్లో ఖాలాతో ఎవరు చెప్పారో నీకు ఎన్నడన్నా అనుమానం రాలేదా అని అడిగాను.

"అనుమానమేంది, ఎర్కనే ఉండె చెల్లె," అంది ఆమె, ఎదురుగా పోతున్న బోనాలను చూస్తూనే. "తడక కిందికెళ్లి సూదిమందు సీస నా దిక్కు దొర్లొచ్చింది. తీసి పెంటకుప్పల బొందవెట్టిన. సూది ముచ్చట నీకు గాక ఇంకెవ్వరికి ఎర్క?"

"మరి ఎవ్వరికి చెప్పకపోతివి అక్కా?"

"చెప్తే నీ పాలు గూడ పోతయనుకున్న. నీకూ పోరగాండ్లు ఉండిరి గదా."

అప్పుడైనా ఆమె చెయ్యి పట్టుకుని తప్పయిందని అనాల్సింది. నాకు ఆ మాట రాలేదు. ఈ మంచితనంలోనూ ఆమెదే పైచేయి అయింది గదా అనే కడుపుమంట ఒక్కటే వచ్చింది. వచ్చినదాన్ని రాలేదని రాయలేను.

ఇవాళ మధ్యాహ్నం మా కోడలు ఫోన్ పట్టుకుని నా పక్కన కూర్చుంది. "అత్తమ్మా, పల్చగున్నయన్నవ్ గదా, మన అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపుల తీస్కోవద్దనే పెడ్తున్న. మా అత్తమ్మ పాలోళ్ల ఇంటి మనిషి, అవి అసల్‌వి కావంటుందని పెడ్తే ఎవ్వరు తీస్కోరు."

ఊరుకుంటే చాలు. ఈసారి గుమ్మం దాకా నడిచిపోయే పని కూడా లేదు.

"ఆగు బిడ్డ," అన్నాను. "గట్ల పెట్టకు. పాలు మంచిగనే ఉన్నయ్, నేనే ఉత్తగ అన్న. అవి మా అక్క ఇంటి పాలు. ఎక్కువ వెట్టి కొనుక్కొమ్మను."

ఆ రోజుల్లో అర్ధరూపాయి ఎక్కువిచ్చినవాళ్లు తెల్ల ముఖానికో ఇత్తడి చెంబుకో ఇవ్వలేదని నాకు అర్థమయ్యేసరికి ఇంత వయసు వచ్చింది. మా ఇద్దరి దూడలూ వాళ్ల కళ్ల ముందే కట్టేసి ఉండేవి. ఆమె దూడ నున్నగా గంతులేసేది, నా దూడ ఎముకలు లెక్కపెట్టేలా ఉండేది. వాళ్లు కొన్నది పిండకుండా వదిలేసిన ఆ నాలుగో చన్నును. ఇప్పుడు కొనేవాళ్లకు వాకిలి కనపడదు, దూడ కనపడదు, ఎవరు ఎక్కడ పిండారో తెలియదు. అట్టముక్క మీద రాసింది నమ్మాలి, లేదంటే నాలాంటి ఒక ముసలిదాని మాట నమ్మాలి. ఆ మాట ఎలాంటి నోటి నుంచి వస్తోందో కూడా పాపం వాళ్లకు తెలియదు.

కోడలు నేను చెప్పినట్టే పెట్టింది. కాసేపటికి ఫోన్ చూసి, పదకొండిళ్ల వాళ్లు రేపటి నుంచి పోయించుకుంటామన్నారని సంతోషంగా చెప్పింది. పదకొండిళ్లు, ఒక్క పూటలో, అదీ నా మాట మీద. మంచి పని చేశానని మనసుకు నచ్చజెప్పుకుంటూ కిటికీ దగ్గర కూర్చున్నానే గాని, చెంబు తోముకుని ఎదురుచూసిన ఆ పొద్దున ఒక్క ఇల్లు, ఒక్కటంటే ఒక్కటి, నన్ను వెతుక్కుంటూ నా వైపు వచ్చి ఉంటే ఎంత బాగుండేదోనని ఇంకా అనిపిస్తూనే ఉంది.