రెండో గీత దగ్గర నాతో కూర్చున్న మేడమ్

పోయిన నెల ఒక శనివారం మధ్యాహ్నం బడిలో మూడో తరగతి పిల్లల నోటు పుస్తకాలు దిద్దుతుంటే మా ఊరి ఆశా కార్యకర్త ఫోన్ చేసింది. "టీచరు గారూ, మన ల్యాబ్ మేడమ్ పోయారంటండీ. ఒంగోలులో, కూతురింట్లో. పొద్దున్నే గుండెపోటు వచ్చిందంట. ఆస్పత్రికి తీసుకెళ్ళేలోపే..." అంది. నేను "అలాగా" అన్నాను. అంతకు మించి ఒక్క మాటన్నా గొంతు బయటపెట్టేస్తుందని భయం. పక్క క్లాసు టీచరు "ఎవరండీ?" అని అడిగితే "తెలిసినావిడ" అన్నాను. ఆమె నాకు ఎలా తెలుసో ఏడేళ్ళుగా బయటివాళ్ళెవరికీ చెప్పలేదు.

ఇప్పుడు చెబుతున్నాను. రాస్తానని మా ఆయనతో అన్నాను. ఆయన "రాయి. ఊరి పేరు మాత్రం వద్దు" అన్నారు. అందుకని ఇందులో పేర్లు లేవు. గుంటూరుకి బస్సులో ముప్పావు గంట దూరం, చుట్టూ పత్తి, మిరప. అంతవరకు చాలు.

మేడమ్ మా మండలం ఆరోగ్య కేంద్రంలో ల్యాబ్ టెక్నీషియన్. వరండా చివర ఒక చిన్న గది ఆమెది. పొట్టిగా ఉండేవారు, నడక మాత్రం వేగం. వేలు పట్టుకునే ముందు తన రెండు చేతులూ గట్టిగా రుద్దుకుని వెచ్చబరుచుకునేవారు. వేలి కొసన పొడిచేవారు కాదు, పక్కన పొడిచేవారు. "కొసన పొడిస్తే రేపు కాయ కోసేటప్పుడు మండుద్ది" అనేవారు. కూలికెళ్ళే ఆడవాళ్ళ వేళ్ళ గురించి అంత ఆలోచించిన మనిషిని నేను మరొకరిని చూడలేదు.

ఇంకో అలవాటు ఉండేది. రక్తం ఇచ్చిన ప్రతి ఆడమనిషినీ, ఏ పరీక్షకి వచ్చినా సరే, లోపల అరగంట కూర్చోబెట్టేవారు. బయట క్యూలో వాళ్ళు విసుక్కునేవాళ్ళు, డాక్టరు గారు కూడా ఒకటి రెండుసార్లు అన్నారట. దానికి కారణం నాకు తర్వాత తెలిసింది. "ఎవరు లోపల ఎంతసేపు ఉన్నారో చూసేవాళ్ళు బయట ఉంటారమ్మా. ఒక్కర్తినే ఎక్కువసేపు ఉంచితే ఊరంతా తెలిసిపోద్ది. అందరూ ఒకేసేపు ఉంటే ఇంక చూసేదేముంది?" అన్నారు.

నేను ఆ గదిలోకి మొదటిసారి వెళ్ళింది రెండో కాన్పుకి, ఐదో నెలలో. అంత ఆలస్యంగా ఎందుకు వెళ్ళానంటే, భయం. మొదటి బిడ్డ ఏడో నెలలో కడుపులోనే పోయాడు. ఎందుకో ఎవరూ చెప్పలేదు. మా అత్తయ్య మాత్రం నేను బస్సుల్లో తిరిగినందుకేనని, తిండి సరిగా తిననందుకేనని ఏడాది పాటు అంటూనే ఉంది. ఈసారి ఇంట్లో పరీక్ష చేసుకుని ఆ కిట్టు మీద రెండో గీత చూసినప్పుడు సంతోషం ఒక్క నిమిషమే నిలిచింది. చెబితే ఇదీ పోతుందేమోనని నాలుగు నెలలు మా ఆయనకి తప్ప ఎవరికీ చెప్పలేదు. చివరికి పొట్ట కనబడుతుంటే అత్తయ్యే పట్టుకుని తీసుకెళ్ళింది.

మేడమ్ వేలు పొడిచి, ఒక చుక్క రక్తం తెల్లటి చిన్న పలక లాంటిదాని మీద వేసి, పైన రెండు చుక్కల మందు వేశారు. "ఇదేం పరీక్షండీ?" అన్నాను. "కడుపుతో ఉన్నవాళ్ళందరికీ చేసేదే. హెచ్.ఐ.వి.కి, సిఫిలిస్‌కి కలిపి. ఇరవై నిమిషాల్లో తెలిసిపోద్ది" అని గోడ గడియారం చూశారు. తర్వాత నా బడి గురించి, ఎక్కాలు రాని పిల్లల గురించి అడుగుతూ కూర్చున్నారు. మాట్లాడుతూ మాట్లాడుతూ ఆగిపోయారు. ఎదురుగా ఉన్న కుర్చీ తెచ్చి నా పక్కన వేసుకున్నారు.

"హెచ్.ఐ.వి. దగ్గర ఏమీ లేదమ్మా. సిఫిలిస్ దగ్గర గీత వచ్చింది. ఇదిగో, నువ్వే చూడు."

సన్నటి ఎర్ర గీత. నాకు ఆ జబ్బు పేరు కూడా సరిగా తెలియదు. సుఖవ్యాధులని బస్టాండు గోడల మీద రాస్తారే, చదవకుండా తల తిప్పుకుని వెళ్ళిపోతామే, అందులో ఒకటని మాత్రం తెలుసు. తలుపవతల బల్ల మీద అత్తయ్య ఉంది. "నేనే తప్పూ చేయలేదండీ" అన్నాను.

"నేనడగలేదుగా. ఈ పలక కూడా అడగలేదు. రక్తంలో ఏముందో అదే చెప్పింది, నువ్వెలాంటిదానివో చెప్పలేదు" అన్నారు. తర్వాత మొదటి కాన్పు గురించి అడిగారు. చెప్పాను. "అప్పుడు ఈ పరీక్ష చేశారా?" అన్నారు. గుర్తు లేదన్నాను. ఆమె ఒక్క క్షణం కళ్ళు మూసుకున్నారు. అది చూశాకే నాకు అర్థమైంది.

"వాడు దీనివల్లే పోయాడా మేడమ్?"

"అయ్యుండొచ్చు. కచ్చితంగా అదేనని ఇప్పుడెవరూ చెప్పలేరమ్మా. ఈ బిడ్డని మాత్రం కాపాడుకోవచ్చు. మందుంది. పాత మందే, బాగా పనిచేసే మందు."

"నాకు భయంగా ఉంది మేడమ్" అన్నాను. ఆమె భయపడొద్దని అనలేదు. "భయపడు, ఏం పర్లేదు. ఈ గీత చూసినప్పుడల్లా నాకూ భయమే. భయపడుతూనే రేపు పొద్దున రా" అన్నారు. ఆ మాట తర్వాత కూడా ఎన్నోసార్లు విన్నాను.

ఇంకాస్త రక్తం తీసి గుంటూరు పంపారు, జబ్బు ఇప్పుడు ఒంట్లో పనిచేస్తోందా లేదా అని చూడ్డానికి. అది వచ్చేదాకా ఆగక్కర్లేదని డాక్టరు గారు అన్నారు. వారానికొకసారి చొప్పున మూడు వారాలు పెన్సిలిన్ ఇంజెక్షన్. ఆ మందు అక్కడ నిండుకుంది. మేడమ్ ఎవరికో ఫోన్ చేసి మర్నాటికి తెప్పించే ఏర్పాటు చేశారు. బయటికొచ్చాక అత్తయ్య "ఏమైందమ్మా మా కోడలికి?" అని ఆమెను నిలదీసింది. "మీ కోడలు చెప్తే వినండి. నేను చెప్పకూడదు" అన్నారామె. అత్తయ్యకి ఒళ్ళు మండిపోయింది. దారంతా "ఏం పొగరు, ఏం పొగరు" అంటూనే ఉంది.

ఆ సాయంత్రం మా ఆయనకి పెరట్లో చెప్పాను. ఆయన ట్రాలీ ఆటోలో మిర్చి బస్తాలు గుంటూరు యార్డుకి తోలుతారు. ముందు అర్థం కానట్టు చూశారు. తర్వాత "నన్ను అనుమానిస్తున్నావా?" అని గట్టిగా అన్నారు. తర్వాత ఆయన ముఖంలో ఒక భయం కనిపించింది, ఆ భయం చూసి నాకు ఇంకా భయమేసింది. పొద్దున లేచేసరికి బండీ లేదు, ఆయనా లేరు. ఫోన్ ఆపేసి ఉంది.

బలానికి ఇంజెక్షన్ అని అత్తయ్యకి చెప్పి ఒక్కదాన్నే వెళ్ళాను. ముందు చిన్న మోతాదు వేసి పడుతుందో లేదోనని అరగంట కూర్చోబెట్టారు. తర్వాత తుంటికి రెండు వైపులా రెండు సూదులు. కాలు కదపలేనంత నొప్పి. మేడమ్ తన గదిలో పడుకోబెట్టి, "సాయంత్రానికి చలిజ్వరం రావచ్చు. వస్తే మందు పని మొదలెట్టిందని అర్థం. అయినా నాకు ఫోన్ చెయ్యి. కడుపులో నొప్పి వస్తే మాత్రం ఆగకుండా వచ్చెయ్యి" అన్నారు.

ఐదింటికి వచ్చింది జ్వరం. పళ్ళు కొట్టుకున్నాయి. అంతకు ముందు వారం నుంచే బిడ్డ కదలిక సన్నగా తెలుస్తోంది. ఆ సాయంత్రం అది లేదు. పొట్ట మీద చెయ్యి పెట్టుకుని ఎంతసేపు చూసినా లేదు. మొదటివాడు కూడా ఇలాగే ఉన్నట్టుండి ఆగిపోయాడు. ఫోన్ చేస్తే ఏడుపే వచ్చింది. పావుగంటలో స్కూటీ మీద వచ్చేశారు, వెనక నర్సును కూర్చోబెట్టుకుని. నర్సు చిన్న మిషను పెట్టి బిడ్డ గుండె వినిపించింది. పరిగెత్తుతున్నట్టు టకటకమని చప్పుడు. మేడమ్ తడిగుడ్డతో నా నుదురు తుడుస్తూ, జ్వరం దిగేదాకా మంచం పక్కన కూర్చున్నారు. అత్తయ్య గుమ్మంలో నిలబడి అంతా చూసింది. ఈసారి ఏమీ అడగలేదు. మేడమ్‌కి టీ పెట్టి ఇచ్చింది.

వెళ్ళేముందు మేడమ్ నా చెవి దగ్గరికి వంగి, "ఆయనొస్తే తిట్టకు. నా దగ్గరికి తీసుకురా. ఆయనకి నయం కాకపోతే నీకు మళ్ళీ వస్తుంది" అన్నారు.

మూడో రోజు వచ్చారు ఆయన, గడ్డం మాసిపోయి. నేను తిట్టలేదు, మేడమ్ రమ్మన్నారని చెప్పాను. ఇద్దరం బండెక్కి వెళ్ళాం. గది తలుపు దగ్గరే ఆగిపోయి, "నాకేం లేదు మేడమ్. నేను బాగానే ఉన్నా" అన్నారు. చేతులు వెనక్కి పెట్టుకున్నారు. మేడమ్ సూది తీసుకుని ముందు తన వేలు పొడుచుకున్నారు. తన రక్తం ఒక పలక మీద వేసి, పక్కన ఖాళీ పలక పెట్టారు.

"నాదీ చూసుకుంటున్నా. రా, నీదీ చూద్దాం. ఇద్దరం కూర్చుందాం ఇరవై నిమిషాలు."

ఆయన కూర్చున్నారు. మేడమ్ పలక మీద ఒక్క గీతే వచ్చింది, పరీక్ష సరిగా జరిగిందని చెప్పే గీత. ఆయనకి ఇంకోటి కూడా వచ్చింది. అప్పుడు చెప్పారు, తల వంచుకుని. పెళ్ళికి ముందు ఒంగోలు అవతల గ్రానైట్ క్వారీలో రెండేళ్ళు పని చేశారు. అక్కడ ఉండగా ఒక పుండు లేచింది. నొప్పి లేదు. ఎవరికైనా చూపించుకోవాలంటే సిగ్గు. దానంతట అదే మానిపోతే పోయిందనుకున్నారు.

"నొప్పి ఉంటే వచ్చేవాడివయ్యా. నొప్పి లేకపోవడమే దీంతో వచ్చిన చిక్కు" అన్నారు మేడమ్.

"అయితే నా బిడ్డని నేనే చంపుకున్నానా?" అని ఆయన ఆ గదిలో చిన్నపిల్లాడిలా ఏడ్చారు. నేను ఓదార్చలేదు. అప్పటికి నాకు చేతకాలేదు. మేడమ్ ఆయన భుజం మీద చెయ్యి వేసి, "తెలియక జరిగింది. తెలిశాక కూడా రాకపోతే అప్పుడు నేనే తిట్టేదాన్ని. వచ్చావుగా" అన్నారు.

ఆ రోజే ఆయనకీ మొదటి సూది వేశారు. మిగతా రెండు వారాలూ ఇద్దరం కలిసే వెళ్ళి సూదులు వేయించుకున్నాం. ఆశా కార్యకర్త ఒకసారి నన్ను ఆపి, "ఏంటి టీచరు గారూ, ఇద్దరూ తిరుగుతున్నారు?" అంది. వెనకే వస్తున్న మేడమ్ "మొగుడు పెళ్ళాంతో ఆస్పత్రికొస్తే వింతేముంది? మీ ఆయన్ని కూడా రమ్మను" అని నవ్వించి పంపేశారు.

భయం అంతటితో పోలేదు. కాన్పుకి గుంటూరు పెద్ద ఆస్పత్రిలో చేర్చినప్పుడు అక్కడా అదే పరీక్ష చేశారు. మళ్ళీ గీత. నర్సు ఇంకో నర్సుతో ఏదో అంటూ నా వైపు చూసింది. ఇంక అంతా అయిపోయిందనుకున్నాను. కానీ ఇలా జరుగుతుందని మేడమ్ ముందే చెప్పారు. "ఈ గీత చెరగదమ్మా. జబ్బు పోయినా గుర్తు ఉండిపోద్ది. ఎక్కడైనా అడిగితే ఇది చూపించు" అని ఏ సూది ఏ రోజు వేశారో, గుంటూరు రిపోర్టుల్లో జబ్బు అంకె ఎంత తగ్గుతూ వచ్చిందో గుండ్రటి అక్షరాలతో ఒక కాగితం మీద రాసిచ్చారు. నొప్పుల మధ్య ఆ కాగితం నర్సు చేతిలో పెట్టాను. ఆమె చదివి, "అన్నీ సరిగ్గా చేయించుకున్నారుగా, కంగారు పడకండి" అంది.

అబ్బాయి పుట్టాడు. ఏడ్చాడు. వాడు ఏడుస్తుంటే నేను ఏడ్చాను. వాడి రక్తం తీశారు, కొన్ని నెలల తర్వాత మళ్ళీ తీశారు. రిపోర్టు వచ్చే ప్రతిసారీ నాకు అన్నం సహించేది కాదు. ఏమీ లేదని ఆఖరి రిపోర్టు వచ్చాక మా ఆయన తనంతట తానే అత్తయ్యకి అంతా చెప్పేశారు. ఆమె ఆ రోజు తిండి తినలేదు. మర్నాడు నాకు జడ వేస్తూ, "మొదటివాడి గురించి నిన్ను నానా మాటలూ అన్నాను" అంది. చాలాసేపు దువ్వుతూనే ఉంది.

ఆ తర్వాత కూడా బజారులో ఎక్కడైనా మేడమ్ ఎదురైతే ఆమె ముందుగా పలకరించేవారు కాదు. నేను పలకరిస్తేనే నవ్వేవారు. మొదట్లో బాధ పడ్డాను. ఒకసారి అడిగాను కూడా. "నేను పలకరిస్తే పక్కనున్నవాళ్ళు ఎలా తెలుసని అడుగుతారు. నువ్వు అబద్ధం వెతుక్కోవాలి. అదెందుకు నీకు?" అన్నారు. రిటైరై కూతురి దగ్గరికి ఒంగోలు వెళ్ళిపోయే ముందు వీడ్కోలు చెప్పడానికి మేము వెళ్తే, బాబు వేళ్ళు పట్టుకుని ఆడిస్తూ, "వీడి రక్తం ఇంకెవరూ తియ్యక్కర్లేదు" అన్నారు. అదే చివరిసారి చూడ్డం.

ఆ శనివారం ఫోన్ వచ్చిన గంటకి మా ఆయన బండి తీశారు. ఆరేళ్ళ వాడిని మధ్యలో కూర్చోబెట్టుకుని వెళ్ళాం. చేరేసరికి ఎండ వాలుతోంది. ఇంటి ముందు షామియానా, కింద చాపలు. మగవాళ్ళు కొద్దిమందే. చాపల నిండా ఆడవాళ్ళు, ఎక్కడెక్కడి ఊళ్ళ నుంచో వచ్చినవాళ్ళు. చాలామంది పక్కన పిల్లలున్నారు. కొందరు ఆ రోజు చేలో పని వదిలి అలాగే వచ్చేశారు, చీర కుచ్చిళ్ళకి పత్తి పింజలు అంటుకునే ఉన్నాయి. చావింటికెళ్తే మామూలుగా ఒకరినొకరు అడుగుతాం, ఏ ఊరు, వీళ్ళు మీకేమవుతారు అని. అక్కడ ఎవరూ ఎవరినీ అడగలేదు. ఒకరి ముఖం ఒకరు నిదానంగా చూసి తల దించుకుంటున్నారు. ఎక్కడ కూర్చోవాలో తెలియక నేను నిలబడిపోతే, ముందు వరసలో ఒకావిడ, నేను ఎప్పుడూ చూడని మనిషి, తన కూతుర్ని ఒళ్ళోకి లాక్కుని, కొంచెం పక్కకి జరిగి, ఖాళీ అయిన చోట చాపని అరచేత్తో తుడిచింది.