నత్తగుల్లకొంగల సారు

కిందటి వారం శనివారం ఉదయం చెరువుకట్ట మీద వల బాగుచేసుకుంటుంటే, పురుషోత్తం సారు సూర్యాపేట దవాఖానలో కన్నుమూశారని ఫోన్ వచ్చింది. మరునాడు ఆదివారం. సారు వచ్చే వేళకు పార్కు గేటు వైపు చూస్తూనే ఉన్నాను. ఇంత వయసొచ్చినా నా బుద్ధి అంత మొద్దు.

సారు పెన్‌పహాడ్ మనిషి. కోదాడలో సైన్సు చెప్పి రిటైరయ్యాక, ప్రతి ఆదివారం చెరువు పార్కుకు వచ్చి పక్షులను లెక్కించి నోటుపుస్తకంలో రాసుకునేవారు. జ్ఞానసంపన్నుడు, నిరాడంబరుడు, జీవకారుణ్యమూర్తి. ఇవన్నీ నిజమే. కోపిష్టి అన్నదీ నిజమే. వాకింగ్‌లో ఫోన్లో భజనలు గట్టిగా పెట్టిన ఒక షావుకారును ఆపి, "దేవుడు చెవిటోడు కాదు గద సేటూ, జర సౌండ్ తగ్గియ్యి. పిట్టలు లేస్తున్నయి" అన్నారు. సేటు నెల రోజులు అలిగాడు. తర్వాత తానే ఒక దుర్భిణి కొనుక్కొచ్చాడు.

నాతో పరిచయమూ కొట్లాటతోనే మొదలైంది. నేను చేపలు పట్టేవాణ్ణి, మా సంఘంలో పెద్దను. ఒక ఏడు చెరువు లోపలి తుమ్మచెట్ల మీద తెల్లని పెద్ద కొంగలు కొత్తగా దిగాయి. చేపలు తినిపోతాయని పటాకులు కాల్చాను. సారు చెప్పులు లేకుండా పరుగెత్తుకొచ్చారు.

"ఏమయ్యా, ఏమన్నయి నిన్నవి?"

"చేపలన్నీ మింగుతున్నయి సారూ!"

"ముందు సూడు. సూసినంక తిట్టు" అని దుర్భిణి నా కళ్లకు పెట్టారు.

కొంగ ముక్కులో ఉన్నది నత్త. ముక్కు నడుమ సందు నత్తలను పట్టడానికేనట. నీళ్లలోనే బతికినవాణ్ణి, సిగ్గేసింది. "మరి నీటికాకి?" అన్నాను. "అది నీ చేపలే తింటది. అబద్ధం చెప్పి ఒప్పియ్యాల్నా నిన్ను?" అన్నారు. ఆ మాటతోనే ఆయన మీద గురి కుదిరింది.

ఆనాటి నుంచి లెక్కలో నేనూ కూర్చున్నాను. నోటితో సంఖ్య చెబితే ఊరుకునేవారు కాదు. "చెప్పకు, రాయి" అనేవారు. నాకు చదువు రాదు. అరవై దాటాక ఆ నోటుపుస్తకం వెనక పేజీల్లోనే అక్షరాలు దిద్దించారు. నా పేరు కన్నా ముందు నేను రాసిన మాట నత్తగుల్లకొంగ.

ఈ వానాకాలం తుమ్మలు కొట్టాలని మా సంఘం నిర్ణయించింది. వాటికి తగిలి వలలు చిరుగుతున్న మాట నిజం. వాటి మీద గూళ్లున్న మాటా నిజం. దవాఖాన మంచం మీది నుంచే సారు ఫోన్ చేశారు: "పిల్లలకు రెక్కలొచ్చేదాక ఆపు మల్లయ్యా." సరేనన్నాను.

సారు పోయి నాలుగు రోజులైనా కాకముందే మావాళ్లు గొడ్డళ్లతో వచ్చారు.

"సారు పోయిండు గద మామా, ఇగ ఎవరడుగుతరు?" అన్నాడు మా అల్లుడు.

"నేనడుగుత. చిరిగిన వలలన్నీ గీడ పడేసి పోండ్రి, నేను బాగుచేస్త. రెక్కలొచ్చినంక రాండ్రి."

"కండ్లు కనపడవు, ఎన్నని కుడతవ్ మామా?"

"కొంగలు కనపడుతున్నయి గద!"

నవ్వి గొడ్డళ్లు ఎత్తుకుపోయారు. వలలు మాత్రం ఒక్కటీ విడవకుండా పడేసి పోయారు.

అటువంటి గురువు మళ్లీ దొరకడు. ఆ లోటు ఎవరూ పూడ్చలేరు, నేనైతే అసలే కాదు. నాకు తెలిసింది నీళ్లు, వల, కొన్ని అక్షరాలు. సారు భార్య నోటుపుస్తకం, దుర్భిణి నా చేతికిచ్చారు. ఈ ఆదివారం కట్ట మీద ఒక్కణ్ణే కూర్చున్నాను. రెండు పిల్లలు గూటి అంచున నిలబడి రెక్కలు కొట్టుకుంటున్నాయి. ఒకటి లేచి పక్క కొమ్మ మీద వాలింది.

నోటితో చెప్పలేదు సారూ. రాశాను.