మామగారు, నా పెడల్ పట్టీలు

పెళ్లి కాకముందే కాబోయే మామగారి ముందు నడిరోడ్డు మీద పడ్డ ఘనుణ్ని నేను. మీరు నవ్వండి, నాకేం అభ్యంతరం లేదు. ఆ రోజు మాత్రం ఏడుపొక్కటే తక్కువ.

తొంభైల చివర్లో మాట. మాదాపూర్‌లో అప్పుడప్పుడే అద్దాల మేడలు లేస్తున్నాయి, అందులో ఒకదాంట్లో నా ఉద్యోగం. పాత రేసు సైకిలొకటి కొన్నాను. ఏదో పత్రికలో బొమ్మ చూసి, పాదాన్ని పెడల్‌కి బిగించే తోలుపట్టీలు కూడా తెప్పించాను. కాలు జారదు, తొక్కుడు జోరందుకుంటుంది. వాటిని బిగిస్తూ మెకానిక్ యాదగిరి ఆగాడు.

"కాళ్లు కట్టేసుకొని సైకిలేంది సార్? ఆగాల్నంటె ఎట్ల దిగుతవ్?"

వంగి బకిల్ లాగితే చాలన్నాను, అన్నీ తెలిసినవాడిలా. ఉత్త పెడలే మంచిది, జర సోంచాయించమని, ఇంకోసారి ఆలోచించుకోమని బతిమాలాడు. నేను వింటేనా!

ఆ వారమే పెళ్లిచూపులు. అమ్మాయి నాకు తెగ నచ్చేసింది, నేనూ ఆమెకు నచ్చానట. అడ్డల్లా వాళ్ల నాన్నగారే, మదీనాగూడలో ఉండే రిటైర్డ్ హెడ్మాస్టరు. ఈ కంప్యూటరు కుర్రాళ్లకి పెద్దంతరం చిన్నంతరం ఉండదని మధ్యవర్తితో అన్నారట. అది విన్నాక నాకు అన్నం సయించలేదు.

సోమవారం పొద్దున ఆఫీసుకి ఎత్తు ఎక్కుతుంటే టీ బండి దగ్గర ఆయనే! నా గురించి వాకబు చేయడానికొచ్చారు. పెద్దవాళ్లు ఎదురైతే సైకిల్ దిగాలని చిన్నప్పుడే మా నాన్న చెవి మెలిపెట్టి నేర్పాడు. బ్రేకు వేసి భక్తిగా దిగబోయాను. నేను దిగాను గానీ కాళ్లు దిగలేదు. సైకిల్‌తో సహా ఒరిగిపోయి, చేతులు రెండూ చాచి, ఆయన చెప్పుల మీద పడ్డాను.

"చాలు బాబూ, లే" అన్నారు. నేను లేవాలంటే సైకిల్ కూడా లేవాలిగా.

"లేవయ్యా, నలుగురూ చూస్తున్నారు" అన్నారు. బకిల్ చేతికందక నేనింకా అక్కడే. దీవిస్తేగానీ లేవడనుకున్నారో ఏమో, తల మీద చెయ్యి పెట్టి "శీఘ్రమేవ కల్యాణ ప్రాప్తిరస్తు" అనేశారు.

సాయంత్రానికి సంబంధం ఖాయం. ఇంత వినయం ఈ కాలంలో చూళ్లేదన్నారట. నేను సిగ్గు లేకుండా నోరు మూసుకున్నాను.

పెళ్లిలో నా కాళ్లు పళ్లెంలో పెట్టి కడుగుతూ, ఆయన మెల్లగా నా చెవి దగ్గరికి వంగారు.

"ఇవాళ పట్టీలు లేవు కదా, అల్లుడుగారూ?"

ఆ పళ్లెం సాక్షిగా అప్పుడే ఒట్టు పెట్టుకున్నాను. కాసేపట్లో వేయబోయే మూడు ముళ్లు తప్ప, ఈ జన్మలో ఇంక దేన్నీ అంత గట్టిగా బిగించను.