పుష్పరాణి ఈల

భవానీపూర్‌లోని ఆ చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులో ఎవరికి చిల్లర పని తగులుకున్నా పుష్పరాణి దగ్గరికే వస్తారు. వందల ఫొటోలకు ఒక్కసారే పేర్లు మార్చాలన్నా, ఒక పదం ఏయే ఫైళ్లలో ఉందో వెతకాలన్నా నాలుగు లైన్ల స్క్రిప్టు రాసి అందరికీ అందే ఫోల్డర్‌లో పడేస్తుంది. తెలిసింది గుప్పిట్లో పెట్టుకుని బెట్టుచేసే మహానుభావులు మనకు కొత్త కాదు. ఈ పిల్ల అడక్కముందే ఇచ్చేస్తుంది. అలాంటి మనిషిని ఇష్టపడకుండా ఎలా ఉంటాం!

ఆమె స్క్రిప్టులకు ఒక పిచ్చి ఉంది. ఏదైనా చెరిపేముందు కుయ్‌మని మోగి, ఏమేం పోతాయో చూపించి, చెరపమంటారా అని అడిగి ఆగుతాయి. "పుష్పాదీ ఈల వేసింది" అని బెంగాలీ కుర్రాళ్లు ఆటపట్టిస్తారు.

అది నాన్న నుంచి వచ్చింది. నరసయ్య కార్పొరేషన్ చెత్తబండి తోస్తాడు. తెల్లారి సందులోకి వచ్చి ఈల ఊదుతాడు, ఊది నిలబడతాడు. పై అంతస్తు నుంచి ఏ ముసలావిడో "దాదా, ఎక్టు దాఁడాన్!" అని, కాస్త ఆగమని కేకేస్తే, ఆమె మెట్లన్నీ దిగేదాకా బండి కదలదు. చిన్నప్పుడు బండి వెంట వచ్చిన కూతురు బడికి ఆలస్యమవుతోందని విసుక్కుంటే ఒకటే మాట.

"ఈల ఊదేది మనం ఎల్లిపోడానికి కాదమ్మా, ఆలు దిగి రాడానికి."

ఈమధ్య ఆఫీసు సర్వర్ నిండిపోయింది. మూడు నెలలుగా ఎవరూ మార్చని ఫోల్డర్లు వాటంతటవే చెరిగిపోయేలా స్క్రిప్టు రాయమని మేనేజర్ ప్రదీప్‌కుమార్ ఆమెకు అప్పగించాడు. హైదరాబాద్ మనిషి, మంచివాడే, కానీ నిమిషం ఆగలేడు.

"ప్రతిదానికి అడుగుడేంది పుష్పా? ఆ ఈల తీసెయ్యి. నిన్ను పర్మనెంట్ చెయ్యమని పైకి రాయాలె నేను. చెప్పిన పని చెయ్యదని రాయమంటవా?"

 ఆ పర్మనెంట్ మాట కోసమే ఆమె ఇన్నాళ్లుగా ఎదురుచూస్తోంది. అయినా మనసొప్పలేదు.

"సాయంత్రం ఆ ఫోల్డర్ల పేర్లు అందరికీ పంపుతాను సార్. పొద్దున్నదాకా ఎవరూ ఆగమనకపోతేనే స్క్రిప్టు చెరుపుతుంది," అని బతిమాలింది.

"సరే, ఈ ఒక్కసారి. ఒక్కలు గూడ ఆగమనకపోతే తీసేస్తవ్ మల్ల."

"తీసేస్తాను."

సాయంత్రం ఈల మోగింది. ఆఫీసు గ్రూపులో అందరి ఫోన్లకూ మెసేజ్ వెళ్లింది. ఎవరూ తెరవలేదు, మెట్రో ఎక్కి ఎవరి దారిన వాళ్లు పోయారు. ఇంట్లో అన్నం తింటూ నాన్నకు జరిగింది చెప్పింది. గ్రూపులో చడీచప్పుడూ లేదు. పోనీ తనైనా చదువుదామని తెరిచింది. మొట్టమొదటి పేరు తన స్క్రిప్టుల ఫోల్డర్‌దే.

నిజమే మరి. రోజూ అందరూ కాపీ చేసుకునేవే గానీ, చక్కగా పనిచేసేవాటిని మార్చేదెవరు? నియమం రాసేటప్పుడు ఆ సంగతి ఆమెకు తట్టనే లేదు. ఈల తీసేసి ఉంటే ఇన్నేళ్ల కష్టం తన చీపురుతోనే తుడిచిపెట్టుకుపోయేది. వెంటనే గ్రూపులో "ఆగండి" అని కొట్టింది.

గుట్టుగా ఆ పేరొక్కటి తప్పించి ఊరుకోవచ్చు. ఊరుకుంటే ఆమె పుష్పరాణి ఎందుకవుతుంది? పొద్దున్నే వెళ్లి తప్పు నాదేనని ప్రదీప్‌కుమార్‌కు చెప్పేసింది. ఆయన ఫోల్డర్ తెరిచి తల పట్టుకున్నాడు.

"వార్నీ! నేను రోజూ వాడేటియి గూడ ఇండ్లనే ఉన్నయ్ గదా!"

 తర్వాత "ఈల ఉండనియ్యి" అన్నాడు. ఆమె గురించి మంచిమాట ఆ మధ్యాహ్నమే పైకి వెళ్లింది.

ఇంటికి రాగానే నరసయ్య అడిగాడు.

"ఏటమ్మా, నీ ఈలకి ఎవులైనా దిగొచ్చినారేటి?"

"దిగొచ్చినారు నాన్నా."

"ఎవులు?"

"నేనే."