బిషప్పయ్య చేతి కింద నేను చేసిన దొంగతనం

నా జీవితంలో నేను ఒకే ఒక్క దొంగతనం చేశాను. జేబు కొట్టలేదు, కోడిని ఎత్తుకుపోలేదు. ఒక దీవెన కొట్టేశాను. అదీ పట్టపగలు, ఆదివారం, నిండు చర్చిలో, బిషప్పుగారి చేతి కింద మోకాళ్ళ మీద కూచుని మరీ కొట్టేశాను. ఆ దొంగతనంలో ఎవరి కొంప మునిగిందో ఇప్పుడు చెప్తాను. నవ్వొస్తే నవ్వండి, నాకేం అభ్యంతరం లేదు. మా ఆవిడ ఇన్నేళ్ళుగా నవ్వుతూనే ఉంది.

మాది కోయంబత్తూరు. మిల్లు వెనక లైను ఇళ్ళు. మా తాతల తాతలు ఎప్పుడో తెలుగుదేశం వదిలి ఇటు వచ్చేశారు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, మిల్లులో మిషను దగ్గర రెండూ కలిసిన కేకలు. మిల్లు సంగు, అదే సైరను, ఊదితే లేస్తాం, ఊదితే తింటాం, ఊదితే పడుకుంటాం. బడి చదువు తమిళంలోనే కాబట్టి తెలుగు మాట్లాడటం అందరికీ వచ్చు గాని, చదవడం మా లైన్లలో ముగ్గురికే వచ్చు. చర్చిలో వాక్యం చెప్పే ఉపదేశి తాత ఒకరు, మా అవ్వ ఒకరు, అవ్వ ఒళ్ళో కూచుని ఆమె బైబిలు చూసి నేర్చుకున్న నేను ఒకణ్ణి. ఈ సంగతి కాస్త గుర్తుపెట్టుకోండి. నేను మాత్రం సరిగ్గా కావలసిన రోజున దీన్ని మరిచిపోయాను.

మా పెదనాయన కొడుకు పేరు నతానియేలు. నాకంటే పదకొండు రోజులు పెద్ద. ఆ పదకొండు రోజుల కోసం వాణ్ణి నేను జీవితాంతం అణ్ణా అని పిలవాలి. ఇద్దరికీ ఒకే రోజు బాప్తిస్మం ఇచ్చారు. ఇద్దరం ఒకే మిల్లులో, పత్తి దులిపే బ్లోరూములో పనికి చేరాం. తేడా అంతా పేర్లలోనే వచ్చింది. ఆ తేడా నాకు పంతొమ్మిదో ఏట తెలిసింది.

ఒక ఆదివారం ఉపదేశి తాత పడుచువాళ్ళనందరినీ కూచోబెట్టి పేర్ల అర్థాలు చెప్పాడు.

"పేరంటే పిలిచేదానికి మట్టుం కాదురా. దేవుడు నీకు ఏం పని పెట్టినాడో అది అందులో ఉంటాది. నతానియేలు అంటే దేవుడిచ్చిన బహుమానం. ఆ పేరున్న మనిషిని చూసి యేసుసామి ఏమన్నాడు? వీడు కపటం లేనోడు అన్నాడు."

ఆడవాళ్ళు, మగవాళ్ళు అందరూ అణ్ణ వైపు తిరిగి చూశారు. వాడు తలవంచుకుని చెవులు ఎర్రగా చేసుకున్నాడు. అలా సిగ్గుపడటం కూడా వాడికి బాగా కుదిరిందని నాకు ఒళ్ళు మండింది.

"నాది చెప్పు తాతా" అన్నాను.

తాత కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "యాకోబు అంటే మడిమ పట్టుకున్నోడు. కవల పిల్లోడు. అన్న మడిమ పట్టుకొని పుట్టె. పెద్దయినాక, కండ్లు కనపడని నాయిన కాడికి పోయి, నేనే అన్నను అని చెప్పి, అన్నకు రావాల్సిన దీవెన కొట్టేసె. అన్న ఒంటినిండా వెంట్రుకలు గదా, నాయిన తడిమి చూస్తాడని చేతులకు మేకతోలు చుట్టుకొని పోయినాడు."

"అయితే దేవుడు నాకు పెట్టిన పని ఏంది?"

"అదే నేనూ ఆలోచిస్తుండా" అన్నాడు తాత.

చర్చి అంతా నవ్వింది. నేను తిన్నగా ఇంటికెళ్ళి మా నాయన మీద పడ్డాను.

"ఊర్లో ఇన్ని పేర్లుండగా నాకీ పేరు ఎందుకు పెట్టినావు నాయినా?"

"నేనెక్కడ పెట్టినా? పుస్తకం తెరిచి యేలు పెట్టమనిరి, పెడితిని. యేలు కింద యాకోబు ఉండె."

"కొంచం పక్కన పెట్టుంటే ఏం పోయుండు?"

"పక్కన ఒంటెలు అని ఉన్నిందంట. ఉపదేశి అప్పుడే చెప్పె. నువ్వు పుణ్యం చేసుకున్నావు పో."

ఆ రోజు నుంచి నాకు నిద్రాహారాలు కరువయ్యాయి. అసూయ అంటే ఏమిటో మీకు తెలుసనుకుంటున్నారేమో, తెలియదు. అణ్ణ అన్నం తింటుంటే బహుమానం అన్నం తింటోంది అనిపించేది. వాడు తుమ్మితే బహుమానం తుమ్మింది అనిపించేది. మా అవ్వ వాడికి ఒక ముక్క ఎక్కువ వేస్తే, ఇది పేరు చూసే వేసింది అని లెక్కగట్టేవాణ్ణి. వాడు మాత్రం తన ముక్క సగం తుంచి నా పళ్ళెంలో వేసేవాడు. దాంతో నా కడుపుమంట రెట్టింపయ్యేది.

అంతలో బిషప్పయ్య వస్తున్నాడని కబురొచ్చింది. చిన్నప్పుడు బాప్తిస్మం పొందినవాళ్ళు పెద్దయ్యాక బిషప్పు చేతి కింద మోకరించి, ఈ విశ్వాసం నా సొంతమే అని ఒప్పుకోవాలి. మా లైన్లలో దాన్ని దిడపరచడం అంటారు. ఈసారి ఇంకొకటి కూడా ఉంది. ఒక్కో మనిషికీ వాడి పేరును బట్టి బిషప్పయ్య ఒక పని అప్పగిస్తాడు. ఒకణ్ణి మాత్రం ఉపదేశి చదువుకు రెండేళ్ళు మదురైకి పంపిస్తాడు.

మదురై అన్న మాట వినగానే నా గుండె లేచింది. బ్లోరూము పంజు, అదే పత్తి నూగు, పీల్చి పీల్చి దగ్గుతున్నవాణ్ణి. నాకు పుస్తకం కావాలి, ప్రసంగ వేదిక కావాలి, తెల్ల అంగీ కావాలి. కానీ పోయేది ఎవరో తెలియనిది ఎవరికి? దేవుడిచ్చిన బహుమానాన్ని వదిలేసి, మడిమ పట్టుకున్నోణ్ణి ఎవరు పంపిస్తారు?

ఉపదేశి తాత ఒక్కొక్కరికీ ఒక చీటీ రాసి ఇచ్చాడు. అందులో పేరు, దాని అర్థం, అచ్చ తెలుగులో. అణ్ణ తన చీటీని నా చేతిలో పెట్టాడు.

"నా సీట్టు నువ్వే పెట్టుకోరా. నాకు చదవనే రాదు, ఏది తలో ఏది కాలో తెలీదు. పనిలో ఎక్కడన్నా పారేసుకుంటా."

చూశారా? దొంగ చేతికి తానే తాళంచెవి తెచ్చి ఇచ్చాడు.

ఆ ఆదివారం మా ఇద్దరిదీ పొద్దుటి షిఫ్టు. సంగు ఊదింది. నా బదిలీ మనిషి వచ్చాడు, అణ్ణ బదిలీ మనిషి రాలేదు. మనిషి రాకుండా మిషను వదలకూడదు.

"నువ్వు పోరా, నేను వెనకాలనే వస్తా" అన్నాడు వాడు.

నేను పరుగు తీశాను. స్నానం లేదు. ఒంటి మీద పంజు ఉన్నది ఉన్నట్టే తెల్లచొక్కా తొడుక్కుని వరసలో నిలబడ్డాను. బిషప్పయ్య బాగా పెద్దవాడు, కళ్ళకు పొర కమ్మింది. పక్కన నిలబడ్డ చిన్న పాస్టరు చీటీ అందుకుని ఆయన చెవిలో చదువుతున్నాడు. ఇద్దరూ పరాయి ఊరివాళ్ళే. మమ్మల్నందరినీ ఎరిగిన ఉపదేశి తాత ఓ మూల కళ్ళు మూసుకుని హార్మోనియం వాయిస్తున్నాడు. పాట హోరులో ముందువాడితో అన్న మాట వెనకవాడికి వినబడదు. నా జేబులో రెండు చీటీలున్నాయి. చెయ్యి దానంతట అదే పోయి నతానియేలు చీటీని బయటికి తీసింది.

బిషప్పయ్య నా తల మీద చెయ్యి పెట్టి ఆగిపోయాడు.

"ఏమి నాయనా, తల మీద ఉన్ని ఉన్నది?"

"పంజయ్యా. మిల్లు పంజు."

ఆయన నా చేతులు కూడా తడిమి చూశాడు. "చేతుల నిండా ఉన్నదే. నీవు నతానియేలువేనా?"

"నేనేనయ్యా" అన్నాను.

తాత చెప్పిన కథ నాకప్పుడు గుర్తు రాలేదంటే మీరు నమ్మాలి. నా మనసు అప్పటికే మదురై రైలెక్కి కిటికీ పక్కన కూచుంది.

లేచి పక్కకు వచ్చేసరికి అణ్ణ రొప్పుతూ వచ్చాడు. వాడు కుళాయి కింద శుభ్రంగా తల కడుక్కునే వచ్చాడు. "నా సీట్టేదిరా?" అన్నాడు. నా చీటీ ఇచ్చాను. వాడు దాన్ని తలకిందులుగా పట్టుకుని, భక్తిగా వెళ్ళి మోకరించాడు.

పాట అయిపోయింది. బిషప్పయ్య లేచి నిలబడి ఒక్కొక్కరి పనీ చెప్పడం మొదలుపెట్టాడు.

"నతానియేలు అనగా దేవుడు ఇచ్చిన బహుమానము. ఇతడు ఈ మిల్లు లైన్లకు దేవుడిచ్చిన బహుమానము. ఒకరికిచ్చిన బహుమానమును తిరిగి పట్టుకొనిపోవుట మర్యాద కాదు. కాబట్టి ఇతడు ఎక్కడికిని వెళ్ళకుండ ఇక్కడనే ఉండి, ఈ పిల్లలకు చదువు చెప్పవలెను."

నా మదురై రైలు అక్కడికక్కడే ఆగిపోయింది. ఆయన ఆగలేదు.

"యాకోబు ఇల్లు విడిచి, చేతికర్ర ఒక్కటి పట్టుకొని బయలుదేరినవాడు. అతనికి దేవుడు ఇంటిలో కాక దారిలో దొరికెను. పైగా తెలుగు బైబిలు చదవగలిగిన యువకుడు ఇక్కడ ఇతడొక్కడే అని మీ ఉపదేశి నాకు ముందే వ్రాసెను. యాకోబు మదురైకి వెళ్ళును."

నేను ఎప్పుడు లేచి నిలబడ్డానో నాకే తెలియదు.

"అయ్యా, యాకోబు నేను."

"నీవు నతానియేలువు కదా. నేనే అంటివి కదా."

"అంటినయ్యా. అది అబద్ధం. యాకోబు నేనే, మదురై నాది."

హార్మోనియం కుయ్యిమని ఆగిపోయింది. ఉపదేశి తాత కళ్ళు తెరిచి, నా చొక్కా చేతుల్లోంచి వేలాడుతున్న పంజు వైపు చూసి, నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు. "ఓరి పాపిష్టోడా, మేకతోలు కూడా మరవకుండా వచ్చినావే" అన్నాడు.

అప్పుడు గుర్తొచ్చింది నాకు ఆ కథ. అణ్ణ అందరి వైపూ అయోమయంగా చూసి అన్నాడు: "వాడు ఇచ్చినాడు, నేను ఇచ్చినా. ఏం తప్పయ్యా?" వాడి పేరులో ఉన్న కపటం లేనితనం అంతా ఆ ఒక్క మాటలో ఉంది. నాకు ఏడుపొచ్చింది. సిగ్గుతో అని రాయాలని ఉంది గాని, సగం మదురై కోసమే.

బిషప్పయ్య చాలాసేపు నవ్వాడు. ఆ తరవాత చెప్పాడు: "యాకోబు తండ్రియైన ఇస్సాకు ఒకసారి పెట్టిన దీవెనను తిరిగి తీసికొనలేదు. నేనును తీసికొనను. నతానియేలు దీవెన నీ తల మీద ఉన్నది, ఉండును. మీ అన్న మదురైకి వెళ్ళును."

"వాడికి చదవను రాదయ్యా" అన్నాను.

"పిల్లలకు చదువు చెప్పుట నీ పని కదా. మొదటి విద్యార్థి అతడే."

అలా మూడు నెలలు, నేను పోవాల్సిన చోటికి వాణ్ణి పంపడానికి, నేనే దగ్గర కూచుని అణ్ణకు అఆలు దిద్దించాను. వాడు 'ఋ' దగ్గర పది రోజులు ఆగిపోయాడు. ఆ పది రోజులు నాలో కాస్త ఆశ పుట్టింది. పదకొండో రోజు వాడికి అదీ వచ్చేసింది.

అణ్ణ ఉపదేశి అయ్యాడు. ఉడుమలైపేట పక్క ఒక చర్చిలో చాలా ఏళ్ళు ఉన్నాడు. నేను మిల్లులోనే ఉండి, ఆదివారాలు లైను పిల్లలకు తెలుగు నేర్పాను. ముగ్గురు చదివే చోట ముప్పైమంది చదివే రోజు వచ్చింది. అప్పుడు ఉపదేశి తాత నా భుజం తట్టి, "నీ పని ఏందో ఇప్పుడు తెలిసిందిరా" అన్నాడు. నాకూ తెలిసింది. అయినా మదురై బస్సు కనబడితే ఇప్పటికీ కడుపులో కాస్త మండుతుంది, దాచను.

అసలు దెబ్బ తరవాత తగిలింది. అణ్ణకు కొడుకు పుట్టాడు. ఉత్తరం నాకే రాశాడు, నేను నేర్పిన అక్షరాలతోనే. "తమ్ముడా, నాకు ఈ బతుకునిచ్చిన పేరునే బిడ్డకు పెట్టినా. యాకోబు." మా ఆవిడ ఆ ఉత్తరం రెండుసార్లు చదివించుకుని, "లోకంలో మీ పేరుతో బాగుపడినవాళ్ళు ఇద్దరున్నారు, ఆ ఇద్దరూ వాళ్ళింట్లోనే ఉన్నారు" అంది.

కాబట్టి సర్వజనుల ఎదుట, ఉపదేశి తాత హార్మోనియం సాక్షిగా ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను. ఆసుపత్రిలో గాని, రేషను కొట్లో గాని, ఇంకొకరి పేరున్న చీటీ ఇకమీదట ముట్టను. పక్కవాడి చీటీ మీద కన్ను పడిన రోజున, ముందు నా చీటీ విప్పి పూర్తిగా చదువుకుంటాను. నాకు తెలుగు చదవడం వచ్చు కదా.