పూజలో ఉన్న కారు

ఇది కోపంలో రాస్తున్నాను. కోపం తగ్గాక రాస్తే అందరూ మంచివాళ్ళయిపోతారు. బాబు పక్కనే నిద్రపోతున్నాడు. ఒళ్ళు చల్లగానే ఉంది. అయినా పేజీ తిప్పినప్పుడల్లా చెయ్యి వాడి నుదుటి మీదికే పోతోంది.

మా అత్తవారిల్లు రేపల్లెలో. మా ఆయనకి బాపట్లలో కరెంటు సబ్‌స్టేషన్‌లో షిఫ్టు డ్యూటీ. అక్కడే గది తీసుకున్నాడు, సెలవు దొరికితే బైకు మీద వస్తాడు. ఇంట్లో ఉన్న పాత కారు నడపడం వచ్చింది నాకొక్కదానికే. నేర్చుకున్నది సరదాకి కాదు. పోయిన వేసవిలో జ్వరం పెరిగి బాబుకి ఫిట్స్ వచ్చాయి. అప్పుడు తెనాలి పిల్లల డాక్టరు గారు, "జ్వరం వస్తే ఆలస్యం చెయ్యొద్దమ్మా, తీసుకొచ్చెయ్యి" అన్నారు. ఆ మాట విన్నాక తెనాలిలోనే మా అమ్మగారింట్లో ఉండి, అంగలకుదురు రోడ్డు మీద పొద్దున్నే పొద్దున్నే తిరిగి డ్రైవింగ్ నేర్చుకున్నాను.

దసరా నవమి నాడు సాయంత్రం ఆయుధ పూజ చేశారు. మామయ్యగారు రిటైరైన లెక్కల మాస్టారు, ఆయన దగ్గర ఆయుధాలేముంటాయి? కత్తిపీట, కుట్టుమిషను, ఈ కారు. బానెట్ మీద పసుపు, కుంకుమ, అద్దానికి బంతిపూల దండ, టైర్ల ముందు నిమ్మకాయలు. హారతి ఇస్తున్నప్పుడు కారు లైట్లు కూడా వెలగాలని అత్తయ్యగారంటే మామయ్యగారు లోపల చెయ్యి పెట్టి మీట తిప్పారు. నేను బాబుని భుజాన వేసుకుని గడపలో నిలబడి ఉన్నాను. వాడి మెడ నా మెడకి వేడిగా తగులుతోంది.

"అత్తయ్యా, వీడికి జ్వరంగా ఉంది. తెనాలి వెళ్దామండి" అన్నాను.

"ఇప్పుడా? బండి పూజలో ఉంది. రేపు ఉద్వాసన చెప్పేదాకా కదపకూడదు."

"పిల్లాడికి జ్వరమండి."

"పళ్ళొచ్చేటప్పుడు ఒళ్ళు వెచ్చబడుతుంది. నేనూ కన్నాను, నేనూ పెంచాను. నీకు భయం ఎక్కువ, అంతే."

బాపట్లకి ఫోన్ చేశాను. "అమ్మ చెబుతోందిగా. సిరప్ వేసి పడుకోబెట్టు" అన్నాడు. సిరప్ వేశాను. పడుకోబెట్టాను. నేను పడుకోలేదు.

తెల్లారేసరికి సిరప్‌కి కూడా జ్వరం దిగడం లేదు. పండగ రోజు డాక్టరు గారు మధ్యాహ్నం వరకే ఉంటారు. ఈసారి అత్తయ్యగారు బాబు కడుపు మీద చెయ్యి వేసి చూశారు. వెళ్ళి కారు మీద అక్షింతలు చల్లి, "ఉద్వాసన చెప్పేశాను, తియ్యి" అన్నారు. అదేదో రాత్రే చల్లి ఉంటే?

తాళం తిప్పాను. టక్ మంది. మళ్ళీ తిప్పాను. టక్. ఇంజను తిరగనే లేదు. పక్కింట్లో ఉండే బియ్యం కొట్టాయన అరుగు దిగి వచ్చారు. ఆయన వెనకాల వీధిలో తీరిగ్గా ఉన్న మగవాళ్ళందరూ వచ్చారు.

"పెట్రోలుందా అమ్మాయ్?"

"ఉందండి."

"చూశావా?"

"చూశానండి."

"ముల్లు చూపిస్తే ఉన్నట్టు కాదు." నాతో ఆ మాట అని, మామయ్యగారి వైపు తిరిగారు. "బావగారూ, ఆడపిల్లలు తోల్తే ముందు క్లచ్ పోద్ది. రాసి పెట్టుకోండి."

"క్లచ్ పోయినా ఇంజను తిరుగుతుంది బాబాయ్ గారూ."

"చదువుకున్న కోడల్ని తెచ్చుకున్నారు. అనుభవించండి" అన్నారాయన. అందరూ నవ్వారు. మామయ్యగారు కూడా నవ్వారు. దాన్ని నేను మర్చిపోను.

హారన్ నొక్కితే గొంతు పట్టేసినట్టు మూలిగింది. తాళం తిప్పినప్పుడు డాష్‌బోర్డు మీద ఉన్న ఎర్ర దీపాలు కూడా మసకబారిపోతున్నాయి. అంటే బ్యాటరీ. కారు రెండు రోజుల క్రితం కూరగాయల మార్కెట్‌కి తీసుకెళ్ళాను, ఏ ఇబ్బందీ లేదు. ఒక్క రాత్రిలో బ్యాటరీ ఎందుకు పోయిందా అని స్టీరింగ్ పక్కన చూస్తే లైట్ల మీట తిప్పే ఉంది. సాయంత్రం హారతికి వేసినవి రాత్రంతా వెలిగి ఆరిపోయాయి.

"ఈ లైట్లు ఎవరూ ఆపలేదా?"

మామయ్యగారు అత్తయ్యగారి వంక చూశారు. "ఆపబోతే మీ అత్తయ్యే వద్దంది."

"పూజలో వెలిగించిన దీపాన్ని చేత్తో ఆర్పుతారా ఎవరన్నా? దానంతటది కొండెక్కాలి" అన్నారావిడ.

"ఎక్కిందండి. బ్యాటరీని కూడా తీసుకునే ఎక్కింది."

"పండగపూట ఆ నోరేంటి?"

బాబుని ఆవిడ చేతుల్లో పెట్టి వీధి చివర మెకానిక్ దగ్గరికి పరిగెత్తాను. షెడ్డుకి మామిడాకులు కట్టి ఉన్నాయి. లోపల అమ్మవారి పటం ముందు పానాలు, స్క్రూడ్రైవర్లు, జాకీ, బ్యాటరీకి బ్యాటరీ కలిపే వైర్లు, అన్నీ వరసగా బొట్లు పెట్టుకుని కూర్చున్నాయి.

"అవి మధ్యాహ్నం దాకా ముట్టనక్కా. మా నాన్న ఉన్నప్పట్నించీ అంతే."

"బాబుకి జ్వరం, తెనాలి వెళ్ళాలి. ఆ వైర్లొక్కటి ఇవ్వు, నేనే తగిలించుకుంటాను."

"నువ్వు ముట్టుకుంటే మాత్రం ఊరుకుంటానేంటి? ఆటోలో పొండి."

"అడిగాను. పండగపూట అంత దూరం రామన్నారు. రైలు కూడా వెళ్ళిపోయింది."

అతను నన్నూ పటాన్నీ మార్చి మార్చి చూశాడు. "పానాలైతే తియ్యను. కావాలంటే తోస్తాను పద. చేతులు పూజలో పెట్టలేదుగా."

తోసేవాళ్ళు దొరికారు. అప్పుడు బియ్యం కొట్టాయన కారు తలుపు తీసి స్టీరింగ్ ముందు కూర్చున్నారు. ఒకప్పుడు ట్రాక్టరు తోలారట. నేను కారు బయట నిలబడి ఉన్నాను, నా చేతిలో తాళం లేదు. టైర్ల కింద నిమ్మకాయలు పగిలాయి. కారు కదిలింది. ఆయన ఊపు రాకముందే ఫస్టు గేరులో క్లచ్ వదిలేశారు. కారు ఒక్క కుదుపు కుదిపి ఆగిపోయింది. మళ్ళీ తోశారు, మళ్ళీ అదే. వీధి సగం అయిపోయింది. ముందు కాలవ గట్టు.

"చెప్పానా, క్లచ్ పోయింది" అన్నారు లోపల్నించి.

వెనకనించి అత్తయ్యగారి గొంతు వినిపించింది. "అమ్మాయ్! వీడి చేతులు అదురుతున్నాయే!"

నేను కారు తలుపు లాగాను. "దిగండి."

"ఇంకొక్కసారి..."

"దిగండి బాబాయ్ గారూ. దిగకపోతే చొక్కా పట్టుకుని లాగుతాను."

దిగారు. ఆ మాట ఊరంతా తిరిగింది, తిరగనివ్వండి. తాళం తిప్పి, సెకండ్ గేరు వేసి, క్లచ్ తొక్కి పట్టుకున్నాను. "తొయ్యండి" అన్నాను. గట్టు దగ్గరపడుతోంది. ఇంకొంచెం ఊపు, ఇంకొంచెం. క్లచ్ వదిలాను. కారు దగ్గి, వణికి, అంటుకుంది. గేరు న్యూట్రల్‌కి లాగి, బ్రేకు మీద ఒక కాలు, యాక్సిలేటరు మీద ఒక కాలు పెట్టి ఇంజను ఆగకుండా చూస్తుంటే అత్తయ్యగారు బాబుని ఎత్తుకుని చెప్పులు కూడా లేకుండా పరిగెత్తుకొచ్చి వెనక సీట్లో కూలబడ్డారు. ఎవరికీ థాంక్స్ చెప్పలేదు. మెకానిక్‌కి చెప్పాల్సింది. చెప్పలేదు.

భట్టిప్రోలు, వేమూరు దాటాం. రైల్వే గేటు దగ్గర, "వీడి కళ్ళు చూడండి, పైకి పోతున్నాయా?" అన్నాను.

"లేదు. నన్నే చూస్తున్నాడు."

"చూస్తూనే ఉండండి."

ఫిట్స్ రాలేదు. చలి జ్వరానికి వచ్చిన వణుకు అని చెప్పారు తర్వాత. డాక్టరు గారు చెవులు చూసి, గొంతు చూసి, మందు వేయించి, తడిగుడ్డతో ఒళ్ళంతా తుడిపించారు.

"జ్వరం ఎప్పట్నించి?"

"పొద్దుటి నించేనండి" అన్నారు అత్తయ్యగారు.

"నిన్న సాయంత్రం నుంచండి" అన్నాను నేను.

డాక్టరు గారు కళ్ళజోడు తీసి నా వైపే చూశారు. అత్తయ్యగారి వైపు కాదు. "నీకు చెప్పానా లేదా? రాత్రే ఎందుకు తీసుకురాలేదు?"

"బండి స్టార్టవ్వలేదండి, ఏం చెయ్యమంటారు?" అన్నారు అత్తయ్యగారు. ఎంత తేలిగ్గా అన్నారంటే, అక్కడ కూర్చున్న వాళ్ళెవరైనా నమ్ముతారు. ఆవిడ కూడా నమ్మారేమో.

"రాత్రి ఎవరూ స్టార్ట్ చెయ్యలేదండి. చెయ్యనివ్వలేదు" అన్నాను.

గదిలో ఇంకో ఇద్దరు తల్లులున్నారు. వాళ్ళ ముందు అన్నాను. ఆవిడ మొహం ఎర్రబడింది. బయటికొచ్చాక, "నన్ను అంతమందిలో నిలబెట్టావు" అన్నారు. "వాణ్ణి రాత్రంతా నేను నిలబెట్టుకున్నాను" అన్నాను. సాయంత్రం మా నాన్న ఆవిడకి కొత్త చెప్పులు కొనిచ్చి రేపల్లె పాసింజరు ఎక్కించి వచ్చారు. నేను స్టేషన్‌కి వెళ్ళలేదు.

కారు మా అమ్మగారింటి దాకా వచ్చి మళ్ళీ ఆగిపోయింది. పండగ వెళ్ళాక బ్యాటరీ మార్పించాను. బాబు అన్నం తింటున్నాడు, మా అమ్మ వెంట పెరడంతా తిరుగుతున్నాడు.

ఇందాక బాపట్ల నుంచి ఫోన్ వచ్చింది. ముందు బాబు గురించి అడిగాడు, తర్వాత వాళ్ళమ్మ అన్నం సరిగ్గా తినడం లేదన్నాడు. ఆవిడ నాకు శత్రువేం కాదని, పెద్దవాళ్ళ నమ్మకాలు వాళ్ళవని, డాక్టరు ముందు అలా అనకుండా ఉండాల్సిందని చెప్పాడు. విన్నాను. నవమి నాడు ఫోన్లో తను ఏమన్నాడో ఆ ఊసు మాత్రం ఎత్తలేదు.

"బండి బాగుచేయించావా?"

"చేయించాను."

"స్టార్టవుతోందా?"

"తాళం తిప్పితే చాలు."

"మరింకేంటి, రేపు బయల్దేరు."

"ఈసారి వాడికి ఒళ్ళు వెచ్చబడితే నన్ను ఎవరూ ఆపరని నువ్వు మీ అమ్మకి చెప్పు. నా ముందు కాదు, నువ్వే వెళ్ళి చెప్పు. చెప్పాక ఫోన్ చెయ్యి."

"అమ్మకి నేనెలా చెప్తాను?"

"అయితే బండి ఇక్కడే ఉంటుంది" అని పెట్టేశాను.