కుళ్ళాయమ్మ రక్తం

ధర్మవరంలో ఆ వీధి మొత్తానికి అచ్చు అతికేది భారతే. మగ్గం మీద పాత పడుగు అయిపోవస్తే, ఆ కొసలకు కొత్త పడుగును ఒక్కో పోగూ మెలిపెట్టి కలపాలి. ఆమె అతికితే మళ్లీ చూసుకోనక్కర్లేదని ఇంటింటా నమ్మకం. పక్కన కూర్చుని పోగులు అందించేది ఎదురింటి కుళ్ళాయమ్మ. ఇద్దరికీ చేయీ ఆగదు, నోరూ ఆగదు.

భారతి అక్క కొడుకు శివకృష్ణ ఈమె చేతి సంగటి తినే పెద్దవాడయ్యాడు. ఇప్పుడు బెంగళూరులో రక్తకణాల మీద పరిశోధన చేస్తున్నాడు. పోయిన ఏడు వచ్చి, మగ్గాల ఇళ్ల ఆడవాళ్ల రక్తం కావాలన్నాడు.

"పట్టుపోగుకు వెండి చుడితే జరీ అవుతాది కదా చిన్నమ్మా. అట్లనే కంటికి కనపడని ప్లాస్టిక్ పోగుకు ఒక లోహం తగిలిస్తాము. అది పోయి జబ్బు గుర్తుండే కణాన్నే పట్టుకుంటాది. ఆ కణాన్ని మిషన్లో కాలిస్తే లోహం బయటపడతాది. జబ్బు ముదరకముందే తెలిసిపోతాది."

"తెలిస్తే మాకు చెప్తావా?" అంది కుళ్ళాయమ్మ, సూదికి భయపడి చెయ్యి కొంగులో దాచుకుని.

"నేనే వచ్చి చెప్తానత్తా."

"మా పిల్లోడు మాట తప్పడు లేవే!" అంటూ భారతి ముందు తన చెయ్యి చాపింది. ఆమెను చూసి కుళ్ళాయమ్మ చాపింది, వాళ్లిద్దర్నీ చూసి వీధంతా చాపింది.

ఆ తర్వాత ఏడాదిపాటు అతని జాడ లేదు. కబురు రాలేదంటే జబ్బు లేదనే అనుకున్నారు. కుళ్ళాయమ్మ ఒళ్లు నీరసమంటే, ఆస్పత్రికి పోతానంటే, "వాడు చూసినాడు కదే, ఏమన్నా ఉంటే చెప్పకుండునా?" అని భారతే ఆపింది. చివరికి చిగుళ్ల నుంచి రక్తం కారితే అనంతపురం తీసుకెళ్లారు. రక్తపు క్యాన్సర్, ముందే రావాల్సింది అన్నారు. పోయిన నెల కుళ్ళాయమ్మ పోయింది.

నిన్న మధ్యాహ్నం శివకృష్ణ వచ్చాడు. భారతి సంగటి పెట్టింది. రెండో ముద్ద మింగకముందే అడిగాడు:

"కుళ్ళాయమ్మత్త రక్తం ఇంగోసారి కావాల చిన్నమ్మా."

"వీధిలో ఇంతమంది ఉంటే ఆయమ్మదే ఎందుకురా?"

అతను తల దించుకున్నాడు. "ఆయమ్మ కణాల్లో పోయినేడే తేడా కనపడింది. పరిశోధన అచ్చయ్యేదాకా ఎవురికీ చెప్పొద్దన్నాడు మా సారు."

తిన్నింటి వాసాలు లెక్కపెట్టేవాళ్లుంటారని భారతి విన్నదే. వీడు తన చేతి సంగటి నములుతూనే ఆ మాట చెప్పాడు.

"ఆయమ్మ సచ్చి నెలయిందిరా."

అతని చేతిలో ముద్ద ఆగింది. "అయ్యో! నాకు ముందే ఎందుకు చెప్పలేదు చిన్నమ్మా?"

భారతి కంచం లాగేసింది. "కూతురు తనూజ ఎదురింట్లోనే ఉండాది. వచ్చి చెప్తానంటివి గదా. వచ్చినావు, లే. పోయి చెప్పు."

అతను చెయ్యి కడుక్కుని బండెక్కాడు. బండి ఎదురింటి ముందు ఆగకుండానే వీధి దాటిపోయింది. భారతి గడప దిగింది. మాట ఇచ్చింది వాడే, కానీ వీధి నమ్మింది తనను. వెళ్లి ఎదురింటి తలుపు తట్టింది.

"తనూజా, వాన్ని నమ్మి మీయమ్మను ఆస్పత్రికి పోనీకుండా చేసింది నేనేనమ్మా."